మిద్దె మీది ట్యాంకుకు రస్ట్ కాపలా: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం

బెంగళూరు మారతహళ్ళిలో మేము అద్దెకుంటున్న అపార్ట్‌మెంటులో పన్నెండు ఇళ్లు ఉన్నాయి. మిద్దె మీద రెండు మీటర్ల లోతున్న సిమెంటు ట్యాంకు, నేల కింద సంపు ఉన్నాయి. నిరుడు వేసవిలో బోరు ఎండిపోయి టాంకర్ల నీళ్లతో నెట్టుకొచ్చిన రోజుల నుంచి, ట్యాంకులో నీళ్లు ఎంత ఉన్నాయో చూడడానికి వాచ్‌మన్ తాత రోజుకు మూడుసార్లు మెట్లెక్కి, మూత తీసి, తొంగి చూసి దిగుతున్నాడు. ఆయనకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి. ఆ తొంగిచూసే పని చేసే చిన్న పెట్టెను తయారు చేయాలనీ, దానిలోని ప్రోగ్రామును రస్ట్ భాషలో రాయాలనీ ఈ రోజు నిశ్చయించుకున్నాను.

చిన్న చిప్పుల కోసం చేసిన పైథాన్ భాష మైక్రోపైథాన్‌లో రాస్తే ఈ పని ఒక్క సాయంత్రంలో పూర్తవుతుందని నాకు తెలుసు. అయినా రస్ట్‌నే ఎంచుకోవడానికి కారణం నా ఉద్యోగం. ఆరేళ్లుగా ఆఫీసులో జావా రాస్తున్నాను. మెమరీని ఎవరు తీసుకున్నారు, ఎవరు తిరిగి ఇచ్చారు అనే ప్రశ్న ఒక్కరోజు కూడా నన్ను బాధించలేదు, ఎందుకంటే వెనక వాడని మెమరీని గార్బేజ్ కలెక్టర్ ఊడ్చుకుంటూ వస్తుంది. ఊడ్చేవాళ్లు లేని ఇంట్లో ఎలా మసలుకోవాలో నేర్చుకోవాలని ఉంది.

పేరు గురించి ఒక మాట. ఈ భాషను మొదలుపెట్టిన గ్రేడన్ హోర్ 2006లో వాంకూవర్‌లో ఒక అపార్ట్‌మెంటు 21వ అంతస్తులో ఉండేవాడు. సాఫ్ట్‌వేర్ దెబ్బతిని లిఫ్టు ఆగిపోతే మెట్లెక్కి ఇంటికి వెళ్ళిన రోజున ఇటువంటి భాష ఒకటి కావాలన్న ఆలోచన బలపడిందని చెబుతారు. పేరు మాత్రం ఇనుముకు పట్టే తుప్పు నుంచి కాక, మొక్కలకు వచ్చే తుప్పు శిలీంధ్రం నుంచి తీసుకున్నానని ఆయనే చెప్పాడు. అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక తుప్పు తెగులు అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పేరు పెట్టుకున్న భాషను నేర్చుకుంటున్నానని ఫోనులో చెబితే మా నాన్న చాలాసేపు నవ్వాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

వారమంతా రాత్రిపూట ల్యాప్‌టాప్ మీద భాష ప్రాథమికాంశాలు చదివాను. రస్టప్ అనే సాధనంతో, రాసినదాన్ని యంత్రం నడపగల రూపంలోకి మార్చే కంపైలర్‌ను దింపుకోవడం, ప్రాజెక్టులను నిర్వహించే కార్గోతో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడం అరగంట పని. వాటి గురించి రాసుకోవలసింది ఏమీ లేదు.

ఉదయం చిక్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగి ఎస్‌పీ రోడ్డుకు నడిచి వెళ్ళాను. ఎలక్ట్రానిక్ విడిభాగాల కోసం బెంగళూరులో అందరూ వెళ్ళే వీధి అది. రెండు రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డులు, ఒక హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ (శబ్దంతో దూరం కొలిచేది), రెసిస్టర్లు, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు కొన్నాను. పికో 2021 జనవరిలో నాలుగు డాలర్ల ధరతో వచ్చిన బోర్డు. దానిలోని ఆర్‌పీ2040 చిప్పులో రెండు కార్టెక్స్-ఎం0ప్లస్ కోర్లు, 264 కిలోబైట్ల ర్యామ్ ఉంటాయి. ఆఫీసులో మా సర్వర్ ఒక్కటి లేచి కూర్చోవడానికి తీసుకునే మెమరీలో ఇది వెయ్యో వంతు కూడా ఉండదు.

రెండో బోర్డు ఎందుకని దుకాణదారు అడిగాడు. ఒక పికోలో డీబగ్ ప్రోబ్ ఫర్మ్‌వేర్ వేస్తే అది రెండో పికో లోపలికి చూసే కిటికీ అవుతుంది. అది లేకుండా మొదలుపెట్టి ఉంటే ఈ డైరీ రెండో పేజీలోనే ఆగిపోయేదని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఫిబ్రవరి 11, మంగళవారం

పికో మీది చిన్న దీపం వెలిగింది. దానికి రెండు రాత్రులు పట్టింది.

ఈ చిప్పు మీద ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు కాబట్టి రస్ట్ ప్రామాణిక లైబ్రరీలో ఎక్కువ భాగం ఇక్కడ పనికిరాదు. ఫైళ్లు లేవు, థ్రెడ్లు లేవు, నడుస్తుండగా మెమరీ అడిగి తీసుకునే హీప్ కూడా మనం ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకుంటే తప్ప లేదు. అందువల్ల ప్రోగ్రాము మొదటి వరుసలోనే ప్రామాణిక లైబ్రరీ వద్దని కంపైలర్‌కు చెప్పాలి. ప్రోగ్రాము పానిక్ అయితే, అంటే ముందుకు సాగలేని తప్పు జరిగితే, ఏమి చేయాలో కూడా మనమే రాసి ఇవ్వాలి. ల్యాప్‌టాప్‌లో అయితే పానిక్ సందేశం తెర మీద పడుతుంది, ఇక్కడ తెర ఏదీ? మొదటి ప్రయత్నంలో ఆ భాగం రాయడం మరచిపోతే కంపైలర్ ముందుకు కదలనే లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ప్రతి విలువకూ ఒకే యజమాని ఉండాలనే ఓనర్‌షిప్ నియమం గురించి చదివినప్పుడు అర్థమైనట్టే అనిపించింది. స్ట్రింగ్‌ను ఒక ఫంక్షన్‌కు ఇచ్చేస్తే అది చేతులు మారుతుందనీ, ఆ తరువాత మనం దాన్ని వాడలేమనీ ఉదాహరణలు చూశాను. కంపైలర్ కోప్పడిన ప్రతిచోటా క్లోన్ అని రాసి నకలు ఇచ్చి తప్పించుకున్నాను. వారం చివరికి నా అభ్యాస ప్రోగ్రాములలో క్లోన్ అనే మాట పప్పులో ఉప్పులా కలిసిపోయింది.

ఈ రోజు పిన్నుల దగ్గర ఆ ఉపాయం పారలేదు. సెన్సర్‌కు రెండు తీగలు ముఖ్యం: ట్రిగ్ తీగ మీద మనం 10 మైక్రోసెకన్ల పల్స్ పంపితే సెన్సర్ 40 కిలోహెర్ట్జ్ శబ్దతరంగాలను వదులుతుంది; ఆ శబ్దం నీటికి తగిలి తిరిగి వచ్చేదాకా పట్టిన కాలమంత పొడవైన పల్స్ ఎకో తీగ మీద కనిపిస్తుంది. ట్రిగ్ పిన్నును సెన్సర్‌ను నడిపే డ్రైవర్ స్ట్రక్ట్‌కు (సంబంధిత విలువలను ఒకచోట కట్టిన మూటకు) ఇచ్చేశాక, పరీక్ష కోసం అదే పిన్ను వోల్టేజిని మెయిన్ ఫంక్షన్‌లో కూడా ఎత్తి దించుదామనుకున్నాను. ఈ0382 అనే తప్పు వచ్చింది: చేతులు మారిన విలువను మళ్లీ వాడుతున్నారు అని దాని భావం. క్లోన్ రాద్దామంటే పిన్నుకు క్లోన్ లేదు.

చాలాసేపు విసుక్కున్నాను. తరువాత బ్రెడ్‌బోర్డు మీద ఆ పిన్నును చూస్తూ కూర్చుంటే అసలు సంగతి తట్టింది. స్ట్రింగ్‌కు నకలు తీయవచ్చు, ఈ ఇత్తడి కాలుకు నకలు ఎక్కడి నుంచి వస్తుంది? అది ఒక్కటే ఉంది. ప్రోగ్రాములో రెండు చోట్ల నుంచి దాన్ని ఎత్తి దించితే సెన్సర్‌కు అర్థం లేని పల్స్‌లు వెళతాయి. సి భాషలో అయితే అది కంపైల్ అయ్యేది, మిద్దె మీద ఎండలో నిలబడి నేను తప్పు వెతుక్కునేవాణ్ణి. చిప్పులోని పరికరాల సమూహాన్ని తీసుకునే టేక్ అనే ఫంక్షన్ కూడా ఇలాగే ఉంటుంది: మొదటిసారి అడిగితే ఇస్తుంది, రెండోసారి అడిగితే నన్, అంటే ఏమీ లేదు, అంటుంది.

మా ఊళ్లో ఉమ్మడి బోరు కింద నలుగురు అన్నదమ్ములకు వంతులుండేవి. కాలువలో నీళ్లు పారుతుంటే గట్టు మీద ఎంతమందైనా నిలబడి చూడవచ్చు. మడవ తిప్పే హక్కు మాత్రం వంతు ఉన్నవాడిదే, ఆ వంతు ముగిసేదాకా మరొకరు పార పట్టకూడదు. విలువను చేతులు మార్చకుండా కాసేపు వాడుకోనివ్వడం రస్ట్‌లో అరువు (బారో). ఆ అరువులను తనిఖీ చేసే బారో చెకర్ అడిగేది కూడా ఆ కట్టుబాటునే: చదివే అరువులు ఎన్నైనా ఉండవచ్చు, మార్చే అరువు ఒక్కటే ఉండాలి, అది ఉన్నంతసేపు చదివేవాళ్లు కూడా ఉండకూడదు. చివరి షరతులో అది మా ఊరి కంటే కఠినం.

ఫిబ్రవరి 23, ఆదివారం

సెన్సర్ 5 వోల్టులతో నడుస్తుంది, పికో పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. ఎకో తీగకు ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజిని తగ్గించే డివైడర్ పెట్టాను. ఈ విషయంలో ఏ కంపైలరూ కాపాడదు. బల్ల మీద గోడకు ఎదురుగా పెట్టి కొలిస్తే 30 సెంటీమీటర్లకు 1,740 మైక్రోసెకన్ల ఎకో వచ్చింది. శబ్దం ఒక సెంటీమీటరు వెళ్ళి తిరిగి రావడానికి సుమారు 58 మైక్రోసెకన్లు పడుతుంది కనుక, 58తో భాగిస్తే సరిగ్గా 30.

గురువారం రస్ట్ 1.85తో పాటు 2024 ఎడిషన్ (భాష నియమాల కొత్త కూర్పు) వచ్చింది. ప్రాజెక్టును ఈ రోజే దానిలోకి మార్చాను. దాని ఫలితం వచ్చే వారం అనుభవించబోతున్నానని అప్పటికి తెలియదు. (ఈ వాక్యం తరువాత చేర్చినది.)

మార్చి 2, ఆదివారం

ఎకో కోసం ఎదురుచూస్తూ ఖాళీగా తిరిగే లూపులో ప్రోగ్రాము ఇరుక్కుపోతున్నది. తీగ ఊడిపోతే ఎకో ఎప్పటికీ రాదు, లూపు ఎప్పటికీ ఆగదు. మెమరీ విషయంలో ఎంత భద్రమైన భాష అయినా అంతులేని లూపును రాయవద్దని అనదు. మొదట కాలపరిమితి పెట్టాను. దానికి తోడు వాచ్‌డాగ్‌ను కూడా పెట్టాను. ఆర్‌పీ2040లో దాని గరిష్ఠ వ్యవధి సుమారు 8.3 సెకన్లు, అంతలోగా ప్రోగ్రాము దాన్ని తట్టకపోతే చిప్పు తనంతట తానే మళ్లీ మొదలవుతుంది.

తరువాత ఇంటరప్ట్ పద్ధతికి మారదామనుకున్నాను: ఎకో పిన్ను మారినప్పుడు చిప్పు నా పని ఆపించి ఒక చిన్న ఫంక్షన్‌ను పిలుస్తుంది, అది సమయం రాసుకుంటుంది, మెయిన్ ఫంక్షన్ తీరిక దొరికినప్పుడు ఆ లెక్క చూసుకుంటుంది. సిలో ఇది ప్రోగ్రాములో ఎక్కడి నుంచైనా అందే ఒక గ్లోబల్ వేరియబుల్‌తో పూర్తవుతుంది. నేనూ అదే అర్థంలో స్టాటిక్ మ్యూట్ అని రాశాను. 2024 ఎడిషన్‌లో స్టాటిక్ మ్యూట్‌కు రిఫరెన్స్ (అరువు) తీసుకుంటే అది హెచ్చరికతో సరిపెట్టదు, కంపైల్ చేయడానికే నిరాకరిస్తుంది.

కౌంటర్ ఒక్కటే కదా, మధ్యలో ఎవరూ చొరబడకుండా మారే అటామిక్ వాడదామని, చదివి కూడి రాసే ఫెచ్-యాడ్ రాశాను. ఆ మెథడే లేదని వచ్చింది. ఇది నా తప్పేనని గంటసేపు వెతికాక తెలిసింది: కార్టెక్స్-ఎం0ప్లస్‌లో చదివి, పోల్చి, రాసే పనిని ఒకే విడత చేసే సూచన లేనందువల్ల ఈ చిప్పుకు కంపైల్ చేసేటప్పుడు అటామిక్‌లలో లోడ్, స్టోర్ మాత్రమే ఉంటాయి. చిప్పుకు చేతకాని పనిని చేతనవునన్నట్టు భాష నటించకపోవడం నాకు నచ్చింది, ఆ గంట పోయినా సరే.

చివరికి అందరూ వాడే పద్ధతికే వచ్చాను: మ్యూటెక్స్ లోపల రెఫ్‌సెల్, రెఫ్‌సెల్ లోపల ఆప్షన్, ఆప్షన్ లోపల పిన్ను. చూడడానికి డబ్బాలో డబ్బా, దానిలో మరో డబ్బా పెట్టినట్టు వికారంగా ఉంటుంది. ఒక్కో పొర ఎందుకు ఉందో కాగితం మీద రాసుకుంటే తప్ప నాకు మింగుడు పడలేదు. ప్రోగ్రాము మొదలయ్యేసరికి పిన్ను ఇంకా తయారై ఉండదు కాబట్టి, విలువ ఉండవచ్చు లేకపోవచ్చు అని చెప్పే ఆప్షన్. గ్లోబల్ విలువకు మార్చలేని అరువు మాత్రమే దొరుకుతుంది కాబట్టి లోపలి నుంచి మార్చుకోవడానికి రెఫ్‌సెల్. మెయిన్ చదువుతుండగా ఇంటరప్ట్ వచ్చి చేయి పెట్టకుండా మ్యూటెక్స్. ఈ మ్యూటెక్స్ తెరవాలంటే క్రిటికల్ సెక్షన్‌లో ఉన్నామన్న రుజువు చూపించాలి, ఆ సెక్షన్‌లో ఉన్నంతసేపు ఇంటరప్ట్‌లు ఆగి ఉంటాయి. ఆ రుజువు కూడా ఒక విలువే. అది లేకుండా పిలిస్తే టైపులు కుదరవు. సిలో ఇదంతా ఒక కామెంటులో రాసి చదివేవాళ్ల బుద్ధికి వదిలేస్తారు.

మార్చి 15, శనివారం

పెట్టెను మిద్దె మీదికి ఎక్కించాను. పాత ఫోను ఛార్జర్ నుంచి కరెంటు, మూత అడుగున సెన్సర్, కింద వాచ్‌మన్ గది గోడ మీద మూడు దీపాలు. పచ్చ దీపం సగానికి పైన, పసుపు దీపం సగానికి కింద, ఎర్ర దీపం అడుగంటినప్పుడు వెలగాలి.

మార్చి 16, ఆదివారం

పొద్దున ఆరున్నరకు తలుపు తట్టిన చప్పుడైంది. వాచ్‌మన్ తాత నిలబడి ఉన్నాడు.

"సార్, పచ్చ దీపం ఎలుగుతా ఉంది. మూడో అంతస్తులో చుక్క నీళ్లు రాలేదంట. నేను పైకి పోయి చూసొచ్చినా, అడుగు కనపడతా ఉంది."

నేను కట్టిన పెట్టె ఆయనతో మెట్లెక్కించింది. ఓనరమ్మ కూడా వచ్చి, "ఏం నాయనా, నీ దీపాన్ని నమ్మి మోటారు ఎయ్యలేదంట కదా" అన్నది. నొప్పించేలా అనలేదు, అయినా నొచ్చుకున్నాను.

ప్రోబ్ తగిలించి చూస్తే నీటి మట్టం సెన్సర్‌కు 87 సెంటీమీటర్ల దూరంలో ఉందని చూపిస్తున్నది. నిజానికి అది 200 సెంటీమీటర్లు. బల్ల మీద వంద సార్లు సరిగ్గా కొలిచిన ప్రోగ్రామే ఇది. మధ్యాహ్నం దాకా సెన్సర్‌ను, రెసిస్టర్లను, తేమను అనుమానించాను. చివరికి తప్పులు వెతకడానికి వాడే డీబగ్ బిల్డ్ వేస్తే వెంటనే పానిక్ అయింది, వరుస సంఖ్యతో సహా: కూడికలో ఓవర్‌ఫ్లో.

కొలతలు నిలకడగా ఉండాలని పది ఎకోలను కూడి పదితో భాగించాను. కూడే వేరియబుల్ టైపు యు16, దానిలో పట్టే గరిష్ఠ సంఖ్య 65,535. గోడ 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు పది ఎకోల మొత్తం 17,400, కాబట్టి ఇబ్బంది లేదు. ట్యాంకు అడుగంటినప్పుడు ఒక్కో ఎకో 11,600, మొత్తం 1,16,000. అది 65,535 దాటగానే సున్నా నుంచి మళ్లీ మొదలై 50,464 దగ్గర ఆగింది. పదితో, తరువాత 58తో భాగిస్తే 87. అంటే నీళ్లు సెన్సర్‌కు 113 సెంటీమీటర్ల కంటే కిందికి దిగినప్పుడల్లా నా పెట్టె నీళ్లున్నాయని అబద్ధం చెబుతుంది. నీళ్లు లేనప్పుడే అబద్ధమాడే కాపలాదారు!

రస్ట్‌లో ఓవర్‌ఫ్లో జరిగితే డీబగ్ బిల్డ్ పానిక్ అవుతుంది, రిలీజ్ బిల్డ్ ఊరకే చుట్టు తిరిగి వస్తుంది. ఇది దాచిన సంగతి కాదు, నేను చదివిందే. వేగం కోసమని మొదటి రోజు నుంచీ రిలీజ్ బిల్డే వాడుతూ వచ్చిన తొందర నాది. సెకనుకు ఒక్కసారి నీళ్లు కొలిచే పెట్టెకు వేగంతో పని ఏమిటి? మొత్తాన్ని యు32లోకి మార్చాను, రిలీజ్ బిల్డ్‌లో కూడా ఓవర్‌ఫ్లో తనిఖీ ఉండాలని కార్గో ఫైలులో ఒక వరుస చేర్చాను. సగటు బదులు కొలతలను వరుసగా పేర్చి మధ్యదాన్ని తీసుకుంటే అడ్డదిడ్డమైన ఒకటి రెండు ఎకోలు లెక్కను చెడగొట్టవని తరువాత తోచి ఆ మార్పు కూడా చేశాను.

మార్చి 30, ఆదివారం, ఉగాది

ఓనరమ్మ ఉగాది పచ్చడి పంపింది. ఈ రోజు ప్రోగ్రాము ముట్టుకోలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

హెచ్‌సీ-ఎస్‌ఆర్04 జాలీలో నీటి ఆవిరి చేరి చచ్చిపోయింది. ఇది ముందే ఊహించవలసిన సంగతి. నీళ్లు చొరబడని జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ సెన్సర్ తెచ్చి పెట్టాను. అది సుమారు 20 సెంటీమీటర్ల కంటే దగ్గరి వస్తువును చూడలేదు కాబట్టి, నిండిన నీళ్లకు పైన అంతకంటే ఎక్కువ ఖాళీ మిగిలేలా దాన్ని ఇనుప పట్టీతో ఎత్తి బిగించాను.

సెన్సర్ చచ్చిన రెండు రోజులూ దీపం పచ్చగానే ఉంది. ఎకో రానప్పుడు నా ఫంక్షన్ సున్నాను ఇచ్చేది. సున్నా దూరం అంటే నిండు ట్యాంకు అని మిగతా ప్రోగ్రాము అనుకునేది. జావా అలవాటు అది: ఏమీ లేకపోతే ఒక సున్నానో మైనస్ ఒకటో ఇచ్చి చేతులు దులుపుకోవడం. ఇప్పుడు ఆ ఫంక్షన్ రిజల్ట్ ఇస్తుంది: దూరమైనా ఇస్తుంది, లేదా ఎందుకు కొలవలేకపోయిందో చెప్పే తప్పునైనా ఇస్తుంది. ట్యాంకు స్థితికి ఉన్న ఈనమ్‌లో (రాసిచ్చిన విలువలలో ఏదో ఒకటే కాగల టైపులో) నిండింది, సగం, అడుగంటింది అనే మూటికి తోడు తెలియదు అనే నాలుగోది చేర్చాను. చేర్చిన మరుక్షణం కంపైలర్ మూడు చోట్ల ఆపింది: ఈ మ్యాచ్‌లో నాలుగోదానికి ఏమి చేయాలో రాయలేదు అని. ఆ మూడింటిలో ఒకటి నేను పూర్తిగా మరచిపోయిన దీపాల ఫంక్షన్. అక్కడ మిగతావన్నీ అనే అర్థంలో అండర్‌స్కోర్ రాసి ఉంటే కంపైలర్‌కు చెప్పే అవకాశం ఉండేది కాదు. అందుకే నా సొంత ఈనమ్‌ల మీద అండర్‌స్కోర్ వాడకూడదని నియమం పెట్టుకున్నాను. తెలియనప్పుడు ఎర్ర దీపం మినుకుమంటుంది.

తప్పు రాదని నమ్మి విలువను నేరుగా తీసుకునే అన్‌రాప్‌లు కూడా లెక్కపెట్టాను. మొత్తం 23 ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో అన్‌రాప్ విఫలమైతే ప్రోగ్రాము పడిపోతుంది. ఇక్కడ విఫలమైతే వాచ్‌మన్ తాత మెట్లెక్కుతాడు. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు పరికరాలు తీసుకునే చోట ఉన్న నాలుగు మిగిలాయి.

ఏప్రిల్ 20, ఆదివారం

ఎంబసీ అనే ఫ్రేమ్‌వర్కులోకి మార్చి చూశాను. దానితో ఎసింక్ ఫంక్షన్లు (మధ్యలో ఆగి ఎదురుచూడగలిగేవి) ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే పనిచేస్తాయి; ఎకో పిన్ను ఎప్పుడు పైకి లేస్తుందో దాని కోసం అవెయిట్ అని రాస్తే, అప్పటిదాకా చేయవలసిన పని మరేదీ లేకపోతే కోర్ నిద్రపోతుంది. మార్చి 2న చెమటోడ్చి పేర్చిన డబ్బాలన్నీ ఒక్క సాయంత్రంలో పోయాయి. ఆ రోజు వాటిని చేత్తో పేర్చకపోతే ఎంబసీ లోపల ఏమి జరుగుతున్నదో నాకు అంతుపట్టేది కాదు, అందువల్ల పోయినందుకు బాధ లేదు.

ఆఫీసులో సి++ రాసే ఒక మిత్రుడు కోడ్ చూసి, "ఇంత చిన్న పెట్టెకు ఇంత కట్టుదిట్టం ఎందుకు బ్రో?" అన్నాడు. అతను ఇరవై నిమిషాలు చదివి, తప్పు పట్టిన చోటు మాత్రం సరైనదే: డ్రైవర్ స్ట్రక్ట్ నేరుగా పికో పిన్నుల టైపులను అడుగుతున్నది, కనుక దాన్ని పరీక్షించాలంటే పికో చేతిలో ఉండవలసిందే.

మే 4, ఆదివారం

మిత్రుని మాట మీద రెండు వారాలు పనిచేశాను. కొలత, లెక్క, స్థితి నిర్ణయం వేరే క్రేట్‌లోకి (రస్ట్ ప్యాకేజీలోకి) వెళ్ళాయి. డ్రైవర్ ఇప్పుడు ఫలానా పికో పిన్ను కావాలని అడగదు. ఎంబెడెడ్-హాల్ లైబ్రరీలోని ట్రెయిట్ (ఒక టైపు ఏమేమి చేయగలగాలో చెప్పే ఒప్పందం) ప్రకారం పైకి కిందికి మారగల పిన్ను ఏదైనా సరేనంటుంది. అందువల్ల ల్యాప్‌టాప్‌లో ఉత్తుత్తి పిన్నులు ఇచ్చి కార్గో టెస్ట్‌తో పరీక్షించగలుగుతున్నాను. మొదట రాసిన పరీక్ష ఏదో చెప్పనక్కరలేదు: పది ఎకోలు, ఒక్కొక్కటి 11,600, జవాబు 200 రావాలి.

ఇటువంటి ట్రెయిట్ హద్దులు ఫిబ్రవరిలో చూసినప్పుడు కోణాకార బ్రాకెట్ల అడవిలా కనిపించి పేజీ తిప్పేశాను. ఇప్పుడు అటువంటివి ఆరు వరుసలు నేనే రాశాను, వాటిలో రెండు అనవసరమని కంపైలర్‌కు పని లేకుండానే నాకే తెలిసి తీసేశాను. అరువు ఎంతసేపు చెల్లుతుందో చెప్పే లైఫ్‌టైమ్‌ల గుర్తులు మాత్రం ఇంకా తడుముకుంటూనే రాస్తున్నాను.

మే 17, శనివారం

దీపాలు ఆరు వారాలుగా అబద్ధం చెప్పలేదు. తాత రోజుకు ఒక్కసారే పైకి వెళుతున్నాడు, అదీ బీడీ కాల్చుకోవడానికట. మోటారును కూడా పెట్టె చేతికే ఇవ్వమని ఇద్దరు ముగ్గురు అడిగారు; 230 వోల్టుల పనిలో ఎలక్ట్రీషియన్ లేకుండా వేలు పెట్టనని చెప్పాను.

సంపుకు రెండో సెన్సర్ పెట్టాలి. అదే డ్రైవర్‌కు వేరే రెండు పిన్నులు ఇస్తే సరిపోయింది, ప్రోగ్రాములో మార్పు పదకొండు వరుసలు. సంపు నుంచి వాచ్‌మన్ గదికి 18 మీటర్ల తీగ కావాలి, అంత దూరంలో ఎకో పల్స్ అంచులు చెదరకుండా వస్తాయో లేదో కొలిచి చూడాలి. రేపు చిక్‌పేటకు వెళ్ళి షీల్డ్ ఉన్న కేబుల్ తేవాలి.